భూమి మీద మీట, ఆకాశాన రెక్క

రేడియోతో నడిపే విమానం అనగానే మనలో చాలామందికి సెలవు రోజున మైదానంలో కుర్రాళ్ళు ఆడే ఆట గుర్తుకొస్తుంది. చేతిలో ఒక చిన్న పెట్టె, దానికొక ఏరియల్, రెండు మీటలు, నెత్తి మీద తుమ్మెదలా రొద చేస్తూ తిరిగే బొమ్మ. ఆ బొమ్మకు పెద్దన్న లాంటి ఒక విమానం 2001 ఆగస్టు 13న హవాయి దీవులలో ఒకటైన కవాయి నుంచి లేచి 96,863 అడుగుల ఎత్తుకు, అంటే దాదాపు ఇరవై తొమ్మిదిన్నర కిలోమీటర్లకు చేరింది. అందులో మనిషి లేడు. పెట్రోలు చుక్క లేదు. నడిపినవారు నేల మీద కుర్చీలలో కూర్చుని నడిపారు. దాని పేరు హీలియోస్. గ్రీకులు సూర్యదేవుణ్ణి ఆ పేరుతో పిలిచేవారు.

ఆ ఎత్తు ఎంతటిదో తెలియాలంటే ఒక పోలిక చెబుతాను. అమెరికా వారి ఎస్సార్-71 గూఢచారి విమానం ధ్వని కంటే మూడు రెట్లకు పైగా వేగంతో పోయేది. 1976 జూలై 28న అది సమతలంగా ఎగురుతూ నెలకొల్పిన రికార్డు 85,069 అడుగులు. దాన్ని పాతికేళ్ళ తర్వాత దాటింది యుద్ధవిమానం కాదు, నేల దగ్గర సైకిలు పందెం వేగంతో ఎగిరే ఒక ప్లాస్టిక్ పొర రెక్క. అయితే రెండేళ్ళు తిరగకముందే అదే హీలియోస్ 3,000 అడుగుల లోపు ఎత్తులో ముక్కలై పసిఫిక్ సముద్రంలో పడిపోయింది. ఎలా ఎక్కిందన్నది ఎంత ఆసక్తికరమో, ఎందుకు పడిందన్నది అంతకంటే ఎక్కువ ఆలోచించదగినది. ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని సంపాదకవర్గం కోరినప్పుడు ఈ కథనే ఎంచుకోవడానికి కారణం అదే.

ముందుగా గాలి సంగతి చెప్పుకోవాలి. సముద్రమట్టం దగ్గర ఒక ఘనపు మీటరు గాలి బరువు సుమారు కిలోంబావు. 60,000 అడుగులకు పోయేసరికి అదే ఘనపు మీటరులో 120 గ్రాముల లోపే ఉంటుంది. హీలియోస్ చేరిన ఎత్తున అది 20 గ్రాములు మాత్రమే, అంటే అరవయ్యో వంతు. అంగారక గ్రహం నేల మీద గాలి కూడా దాదాపు ఇంత పలచగానే ఉంటుంది. నాసా వారికి ఆ ఎత్తు మీద మక్కువ కలగడానికి అదీ ఒక కారణం.

రెక్కను పైకెత్తేది గాలే కాబట్టి గాలి పలచబడితే వేగం పెంచాలి. గాలి నాలుగో వంతుకు తగ్గితే వేగం రెండింతలు కావాలి. అరవయ్యో వంతుకు తగ్గితే దాదాపు ఎనిమిది రెట్లు కావాలి. నేల దగ్గర గంటకు ఇరవై చిల్లర మైళ్ళతో పోయే హీలియోస్ పైన 170 మైళ్ళ దాకా పోవలసి వచ్చేది ఇందుకే. వేగంతో పాటు కావలసిన శక్తి కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. పెట్రోలు ఇంజను సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. అది గాలి పీల్చి బతికే జీవి. అవసరం ఎనిమిది రెట్లు పెరిగిన చోట దాని సత్తా అరవయ్యో వంతుకు పడిపోతుంది. టర్బో చార్జర్లు వరసగా పెట్టి గాలిని కుక్కి కొంత దూరం లాగవచ్చు, కానీ ఆ సామగ్రి అంతా బరువే.

ఇంకొక చిత్రం ఉంది. ఆ ఎత్తులకు పోయే దారిలో చలి సున్నాకు దిగువన 60, 70 డిగ్రీలు ఉంటుంది. అయినా మోటార్లు కాలిపోయే ప్రమాదం ఉంది. వేడిని మోసుకుపోవడానికి చాలినంత గాలి ఉండదు మరి. మంచులో కూర్చుని మాడిపోవడం అన్నమాట. అందుకే ఆ మోటార్లకు వేడిని వదిలే లోహపు రెక్కలను బయటికి తీర్చి పెట్టారు.

ఒట్టి ఎత్తే కావాలంటే ఇంత తంటా అక్కరలేదు, బెలూన్ చాలు. మన హైదరాబాదులోని టాటా సంస్థ బెలూన్ కేంద్రం నుంచి దశాబ్దాలుగా బెలూన్లు 30 కిలోమీటర్లు దాటి పోతూనే ఉన్నాయి. కానీ బెలూన్ గాలి తీసుకుపోయిన చోటికి పోతుంది. సాయంత్రానికి ఏ జిల్లాలోనో పొలంలో పరికరాల పెట్టె దిగడం, ఊరు ఊరంతా గుమిగూడడం పత్రికలలో చదువుతూనే ఉన్నాము. చెప్పిన చోట చెప్పినంతసేపు నిలవాలంటే రెక్క కావాలి. టవర్లతో, రిపీటర్ స్టేషన్లతో ముప్ఫై ఏళ్ళు గడిపిన మన సభ్యులకు దాని విలువ వేరే చెప్పనక్కరలేదు. 30 మీటర్ల టవర్ పైనుంచి కనుచూపు దూరం 20 కిలోమీటర్లు. 20 కిలోమీటర్ల ఎత్తున ఒక రెక్కను నిలిపితే అది 500 కిలోమీటర్లు.

ఇక చరిత్రలోకి వద్దాం. ఎత్తు కోసం రేడియో విమానాన్ని తయారుచేసిన తొలితరం వారిలో చెప్పుకోదగిన మనిషి మేనార్డ్ హిల్. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం వారి అనువర్తిత భౌతిక ప్రయోగశాలలో లోహశాస్త్రవేత్తగా పనిచేశారు. మోడల్ విమానాలు ఆయన సరదా. ఆ సరదాతో నలభై ఏళ్ళలో పాతిక ప్రపంచ రికార్డులు నెలకొల్పారు. 1970 సెప్టెంబరులో ఆయన విమానం 8,200 మీటర్లు దాటింది. అడుగులలో చెప్పాలంటే దాదాపు 26,900.

ఆ రోజులలో విమానం ఎటు వాలిందో, ముక్కు ఎటు ఉందో చెప్పే పరికరాలు ఇంత చిన్న బొమ్మలలో ఇమిడేవి కావు. నడిపేవాడు కంటితో చూసి మీట తిప్పాలి. రెండు మీటర్ల రెక్క ఎనిమిది కిలోమీటర్ల ఎత్తున ఎంత కనిపిస్తుందో లెక్క వేస్తే, ఎనిమిది మీటర్ల దూరాన గోడ మీద అంటించిన ఆవగింజంత. ఆ ఆవగింజ కుడికి ఒరిగిందా ఎడమకా అన్నది దుర్భిణిలోంచి పోల్చుకోవాలి. ఒక్క క్షణం చూపు తప్పితే మళ్ళీ దొరకదు. అందువల్ల ఎత్తుకు హద్దు రెక్కా కాదు, ఇంజనూ కాదు, మనిషి కన్ను అని ఆ రికార్డుతో తేలిపోయింది.

హిల్ అక్కడితో ఊరుకోలేదు. నిర్మలమైన రోజున నేల దగ్గర గాలిలో పైకి పోయేకొద్దీ ప్రతి మీటరుకూ సుమారు 100 వోల్టుల విద్యుత్ తేడా ఉంటుంది. రెక్క సమంగా ఉంటే రెండు కొసలకూ ఒకే వోల్టేజి తగులుతుంది. ఒరిగితే తేడా వస్తుంది. ఆ తేడాను పట్టుకుని విమానం తనంతట తానే సర్దుకునేలా ఒక పద్ధతి కనిపెట్టి 1972లో ప్రకటించారు. రెక్క కొసల్లో పొలోనియం అనే రేడియోధార్మిక పదార్థం రవ్వంత పెట్టి వోల్టేజిని పట్టేవారు. ఆకాశాన్నే మట్టంపలకగా వాడుకోవడం! ఇంత సొగసైన ఆలోచన ఇంకొకటి నేను చదవలేదు. ఈ హిల్ గారే ఉద్యోగ విరమణ తర్వాత, చూపు దాదాపు పోయి, వినికిడి తగ్గి, 77వ ఏట, 2003 ఆగస్టులో ఐదు కిలోల లోపు బరువున్న మోడల్ విమానాన్ని కెనడా కొసనుంచి ఐర్లండుకు అట్లాంటిక్ దాటించారు. 38 గంటల 52 నిమిషాలు పట్టింది. ఎత్తు కథకు అది సంబంధించినది కాదు కానీ, మన పత్రిక పాఠకులకు చెప్పకుండా ముందుకు సాగబుద్ధి కాలేదు.

కన్ను చిక్కును టెలిమెట్రీ తీర్చింది. ఇక మిగిలింది ఇంజను ఊపిరి. 1970ల నడుమ నాసాలో డేల్ రీడ్ అనే ఇంజనీరు, ఆయనా మోడల్ విమానాల పిచ్చి ఉన్నవాడే, మినీ-స్నిఫర్ అనే చిన్న రేడియో విమానాన్ని తలపెట్టారు. ధ్వనిని మించి పోయే ప్రయాణికుల విమానాలు పై వాతావరణాన్ని పాడుచేస్తాయేమోనన్న భయం అప్పట్లో ఉండేది. 70,000 అడుగుల ఎత్తున గాలి నమూనాలు పట్టాలన్నది ఆయన ఉద్దేశం. గాలి అక్కరలేకుండా హైడ్రజీన్ అనే రసాయనంతో నడిచే ఇంజను దీనికోసం చేయించారు. ఆ ఇంజనుతో విమానం 1976లో ఒక్కసారే ఎగిరింది. 20,000 అడుగులు చేరింది. హైడ్రజీన్ విషపదార్థం, కారడం మొదలుపెడితే దగ్గరకు పోవడమే కష్టం. పథకం అక్కడే నిలిచిపోయింది.

అదే కాలంలో మరో మూల ఇంకో ఆలోచన మొలకెత్తింది. కాలిఫోర్నియాలో ఆస్ట్రోఫ్లైట్ అనే చిన్న సంస్థ మోడల్ విమానాలకు విద్యుత్ మోటార్లు చేసేది. దాన్ని నడిపే బౌచర్ సోదరులకు తట్టిన ప్రశ్న ఇది: విద్యుత్ మోటారుకు ఊపిరితో పని లేదు కదా, పైకి పోయేకొద్దీ ఎండ పెరుగుతుంది కదా, మరి సౌరశక్తితో ఎందుకు ఎక్కకూడదు? అమెరికా రక్షణశాఖ వారి పరిశోధన సంస్థ డబ్బు ఇచ్చింది. 1974 నవంబరు 4న సన్‌రైజ్ అనే విమానం కాలిఫోర్నియా ఎడారిలో ఎండిన చెరువు మీదుగా లేచింది. 32 అడుగుల రెక్క, బరువు పన్నెండున్నర కిలోలు, రెక్క మీద నాలుగు వేల పైచిలుకు సౌరఘటాలు, వాటినుంచి వచ్చేది 450 వాట్లు. మన ఇళ్ళలో మిక్సీ పాటి శక్తి. సూర్యకాంతితో మాత్రమే ఎగిరిన మొట్టమొదటి విమానం అదే. తర్వాత ఇసుక గాలివానలో చిక్కి దెబ్బతింది. మరుసటి ఏడు చేసిన రెండో సన్‌రైజ్ తేలిక, శక్తి ఎక్కువ. ఉద్దేశించిన ఎత్తు 75,000 అడుగులు. కానీ నేలనుంచి ఆదేశాలు అందించే వ్యవస్థలో లోపం వచ్చి అదీ పాడైంది. కాగితం మీద లెక్క సరిపోయింది, చేతికి అందలేదు.

ఇక్కడే పాల్ మెక్‌క్రెడీ ప్రవేశిస్తారు. కుర్రతనంలో మోడల్ విమానాలతో రికార్డులు చేసి, తర్వాత గ్లైడర్లలో పేరు పొంది, 1977లో మనిషి కాలితో తొక్కి నడిపే గోసమర్ కాండర్‌ను, 1979లో ఇంగ్లిష్ చానల్ దాటిన గోసమర్ ఆల్బట్రాస్‌ను తయారుచేయించినవారు. వాటి వెనక ఉన్న సూత్రం ఒక్కటే. శక్తి పెంచలేనప్పుడు బరువు తగ్గించు, వేగం తగ్గించు. తర్వాత సౌరశక్తి వైపు తిరిగినప్పుడు బౌచర్ అనుభవం ఆయనకు అక్కరకొచ్చింది. 1981 జూలై 7న ఆయన సోలార్ చాలెంజర్ మనిషిని మోసుకుని పారిస్ దగ్గరినుంచి ఇంగ్లండుకు 163 మైళ్ళు ఎండతో ఎగిరింది.

దాని వెన్నంటే ప్రభుత్వం రహస్యంగా ఆయన సంస్థ ఏరోవైరన్‌మెంట్‌కు ఒక పని అప్పగించింది. రోజుల తరబడి ఎంతో ఎత్తున నిలిచే మానవరహిత సౌరవిమానం కావాలని. రే మోర్గన్ నాయకత్వంలో సుమారు 100 అడుగుల రెక్క, ఎనిమిది మోటార్లతో హాల్‌సోల్ తయారై 1983లో నెవడా ఎడారిలో రేడియో కంట్రోల్ మీద తొమ్మిదిసార్లు ఎగిరింది. బ్యాటరీలతో ఎగిరింది లెండి. రెక్క పనిచేస్తుందని తేలింది, కానీ నాటి సౌరఘటాలు చాలవు, రాత్రికి దాచుకునే సాధనమూ లేదని కూడా తేలింది. విప్పి గోదాములో పెట్టేశారు. పదేళ్ళు అక్కడే ఉంది. చెత్తగా అమ్మేయకుండా దాచి ఉంచినవారికి నమస్కారం పెట్టాలి.

1993లో క్షిపణి రక్షణ పరిశోధన కింద దాన్ని దుమ్ము దులిపి తీశారు. మరుసటి ఏడు నాసా చేతికి వచ్చింది. ఈలోగా సౌరఘటాలు మెరుగుపడ్డాయి. పాత్‌ఫైండర్ అన్న కొత్త పేరుతో 1995 సెప్టెంబరు 11న 50,500 అడుగులు చేరింది. నెల తిరగగానే హ్యాంగరులో జరిగిన ప్రమాదంలో బాగా దెబ్బతింది. ఆకాశంలో కాకుండా షెడ్డులో! మళ్ళీ కట్టి 1997లో కవాయికి తరలించారు. అక్కడ ఎండాకాలంలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు, చుట్టూ సముద్రం, నౌకాదళం వారి రన్‌వే ఉంది. జూలై 7న 71,530 అడుగులు. సోలార్ చాలెంజర్ చానల్ దాటిన తేదీ కూడా జూలై 7 కావడం కాకతాళీయం. రెక్కను 121 అడుగులకు పెంచాక 1998 ఆగస్టు 6న 80,201 అడుగులు. 2002లో ఈ పెంచిన పాత్‌ఫైండర్ మీదే జపాన్ వారు ఆకాశంలోనుంచి టీవీ ప్రసారం, సెల్‌ఫోన్ ప్రయోగాలు చేశారు. 20 కిలోమీటర్ల ఎత్తు టవర్ అన్న ఊహ అప్పుడు నిజంగానే పనిచేసింది.

ఇక హీలియోస్. దీన్ని కాస్త తీరికగా చూడాలి. తోక లేదు, మొండెం లేదు, ఉన్నదంతా రెక్కే. పొడవు 247 అడుగులు. జంబో జెట్ రెక్కల కంటే ఎక్కువ. వెడల్పు 8 అడుగులు. ఇంత రెక్కకూ ఖాళీ బరువు 600 కిలోలు, ఒక మారుతి కారు కంటే తక్కువ. లోపల కార్బన్ నారతో చేసిన గొట్టం వెన్నెముక, ముందు అంచున థర్మకోల్ వంటి నురుగు పదార్థం, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ పొర. వీపున 62 వేల పైచిలుకు సౌరఘటాలు. వాటికి రెండువైపులా కాంతి పట్టే గుణం ఉంది, అందుకే పొర పారదర్శకం. కింద మబ్బుల మీదనుంచి తిరిగొచ్చే వెలుగు కూడా వృథా పోకూడదని. ఒక్కొక్కటి రెండు హార్స్‌పవర్ల మోటార్లు 14. నిలువు చుక్కాని లేదు. తిప్పాలంటే ఒక పక్క మోటార్ల జోరు పెంచి మరో పక్కవి తగ్గించాలి, ఎడ్లబండిని మలుపు తిప్పేవాడు ఒక ఎద్దును అదిలించి మరోదాన్ని నిలబట్టినట్టు.

ఇంత తేలిక రెక్క ఎలా నిలిచిందన్నదే అసలు కిటుకు. కావడి బద్దను తలచుకోండి. బరువు రెండు చివర్లా వేలాడుతుంది, భుజం నడుమ ఉంటుంది. బద్ద గట్టిది కాకపోతే విరుగుతుంది. మామూలు విమానాలలో బరువు నడుమ, ఎత్తే శక్తి అటూ ఇటూ, అంతే తేడా. ఇప్పుడు పొడవాటి వెదురు బొంగును పదిమంది వరసగా నిలుచుని పట్టుకున్నారని, ఒక్కొక్కరి దగ్గర ఒక చిన్న మూట కట్టారని అనుకోండి. ఎవరి మూట వాళ్ళు ఎత్తినట్టే. బొంగు మీద ఒత్తిడి దాదాపు ఉండదు, సన్నటిదైనా చాలు. హీలియోస్‌లో మోటార్లు, ఘటాలు, బ్యాటరీలు అన్నీ రెక్క పొడుగునా ఇలాగే పంచి పెట్టారు. ప్రతి అడుగు రెక్కా తన బరువు తానే మోసింది. ఈ ఒక్క ఏర్పాటు వల్లనే 247 అడుగుల రెక్క 600 కిలోలలో ఇమిడింది.

2001 ఆగస్టు 13 ఉదయం 9 గంటలు కాకముందే లేచింది. సాయంత్రం 4 దాటాక శిఖరం అందుకుంది. 96,000 అడుగుల పైన 40 నిమిషాలకు పైగా నిలిచింది. అర్ధరాత్రి దాటాక క్షేమంగా దిగింది. మొత్తం దాదాపు 17 గంటలు. లక్ష్యం లక్ష అడుగులు, మూడు వేలు తక్కువైంది. రాకెట్ సాయం లేకుండా, సమతలంగా ఎగురుతూ రెక్కల విమానం ఏదీ అంతకుముందు అంత ఎత్తు నిలవలేదు.

ఎత్తు తర్వాత మిగిలిన కోరిక రాత్రి. ఎండ పోయాక కూడా ఎగురుతూనే ఉండాలి. పగటి మిగులు కరెంటుతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టి, రాత్రి వాటిని కలిపి కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ మొదటి ఆలోచన. అది అనుకున్న వేళకు, అనుకున్న బరువులో తయారు కాలేదు. పథకానికి గడువు ఉంది, డబ్బుకు హద్దు ఉంది. మంజూరైన పద్దు మార్చి 31 లోగా ఖర్చు కావాలన్న ఒత్తిడి ఏ శాఖలో పనిచేసిన వారికైనా తెలిసినదే. కాబట్టి ఉన్నంతలో మరో దారి పట్టారు. హైడ్రోజన్ వెంట తీసుకుపోయి గాలిలోని ఆక్సిజన్‌తో కలిపే సరళమైన ఫ్యూయల్ సెల్ ఎక్కించారు. దాని బరువు సుమారు 235 కిలోలు, దాన్ని రెక్క నట్టనడుమ వేలాడదీశారు. రెండు కొసల దగ్గర 75 కిలోల చొప్పున హైడ్రోజన్ ట్యాంకులు. మోటార్లు 14 నుంచి 10కి తగ్గించారు. రికార్డు నాడు 720 కిలోలున్న విమానం 1,050 కిలోలైంది.

పాఠకులకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. పదిమంది పట్టుకున్న బొంగును మళ్ళీ కావడి బద్దను చేశారు. బొంగు మాత్రం అదే సన్నటి బొంగు.

2003 జూన్ 7న మొదటిసారి ఎగిరి 15 గంటలు నడిచి దిగింది. ఫ్యూయల్ సెల్ గొట్టాలలో కారుడు కనిపించింది, బాగుచేశారు. జూన్ 26 ఉదయం 10 దాటాక రెండోసారి లేచింది. దీవి చాటున గాలి మందంగా ఉంటుంది, చాటు దాటగానే వ్యాపార పవనాలు జోరుగా వీస్తాయి. ఆ రెండింటి నడుమ గాలి కుదుపులుంటాయి. విమానం ఆ పట్టీలో అనుకున్నదానికంటే ఎక్కువసేపు ఉండిపోయింది. బయలుదేరి అరగంట అయ్యేసరికి, 2,800 అడుగుల ఎత్తున, రెక్క కొసలు విల్లులా 40 అడుగుల దాకా పైకి వంగిపోయాయి, దిగలేదు. అంత వంపుతో రెక్కకు నిలకడ తప్పింది. ముక్కు పైకీ కిందికీ ఊగడం మొదలైంది, ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదైంది. దిగువకు దూకినప్పుడు వేగం హద్దు మీరి, ముందు అంచు నురుగు, వీపు మీది సౌరఘటాలు ఊడిపోయాయి. దీవికి పడమరగా సముద్రంలో కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. శకలాలు చాలావరకు ఏరి తెచ్చారు, ఫ్యూయల్ సెల్ మాత్రం దొరకలేదు.

నాసా విచారణ సంఘం నివేదిక మరుసటి ఏడు వెలువడింది. దాచిపెట్టకుండా రాశారు. రెక్క పొడుగునా పంచిన బరువును కొన్ని చోట్ల కుప్పపోశారు, దాంతో విమానానికి ఉన్న ఓర్పు తగ్గిపోయింది అన్నది ఒక కారణం. ఆ మార్పు ఎంత ప్రమాదమో తేల్చే లెక్కల పద్ధతులు చేతిలో లేకపోవడంతో ప్రమాదాన్ని తక్కువగా అంచనా వేశారు, అందువల్ల ఎగరకూడని రూపంలో ఎగరనిచ్చారు అన్నది రెండోది. ఇంత వంగే రెక్కలో వంపు, గాలి, మీట తిప్పడం మూడూ ఒకదానినొకటి మారుస్తాయి. మూడింటినీ కలిపి లెక్కగట్టాలి. ఆ నివేదిక తర్వాత ఇలాంటి రెక్కల లెక్కలలో ఈ ప్రమాదం పాఠ్య ఉదాహరణ అయింది.

మీట పట్టుకున్నవారినో, రెక్క కట్టినవారినో తప్పుపట్టడం నాకు సమ్మతం కాదు. 1983 నుంచి ఇరవై ఏళ్ళు ఆ బృందం చేసిన ప్రతి మార్పూ చిన్నది. కొంచెం పొడవు, కొంచెం మంచి ఘటాలు, ఇంకో జత మోటార్లు. ప్రతిసారీ రెక్క నిలిచింది. 2003 నాటి మార్పు పైకి వాటిలాంటిదే మరొకటిగా కనిపించింది. నిజానికి అది వేరే విమానం. దానికి వేరే వెన్నెముక కావలసింది, అందుకు సమయమూ డబ్బూ లేవు.

తర్వాత వచ్చినవారు హీలియోస్ అంత పెద్దది కట్టే జోలికి పోలేదు. బ్రిటన్‌లో పుట్టిన జెఫిర్ 2010 జూలైలో అమెరికాలోని అరిజోనా ఎడారి మీద 14 రోజులు ఏకబిగిన ఎగిరింది, 70,740 అడుగులు అందుకుంది. దాని రెక్క హీలియోస్ రెక్కలో మూడో వంతుకు లోపే, బరువు ఒక మనిషి అంత. రన్‌వే మీద చక్రాలు కూడా ఉండవు. కొందరు మనుషులు ఉత్సవ పల్లకీలా మోసుకుని పరుగెత్తి వదిలిపెడతారు. హైడ్రోజన్ బదులు మంచి బ్యాటరీలు రాత్రిని దాటించాయి. దాని తర్వాతి రూపం 2022 జూన్ 15న లేచి ఆగస్టు 18 దాకా, 64 రోజులు గాలిలోనే ఉండి, చివరికి అరిజోనాలోనే కూలింది.

మన దేశంలో బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల వారు ఇటువంటిదే చేపట్టారు. 2024 ఫిబ్రవరిలో కర్ణాటకలోని చళ్ళకెరె దగ్గర 12 మీటర్ల రెక్క, 23 కిలోల బరువున్న నమూనాను ఎగరేశారు. ఎత్తు సుమారు మూడు కిలోమీటర్లు, సమయం ఎనిమిదిన్నర గంటలు. అసలు విమానానికి రెక్క 30 మీటర్లు, ఎత్తు 23 కిలోమీటర్లు, నిలవవలసిన కాలం 90 రోజులు అని ప్రకటించారు.